ఆషాఢంలో బిగించిన కంప్యూటరు

శ్రీముఖలింగం,
22 జూన్ 2025

హరీ,

అక్క రాస్తున్న ఉత్తరమిది. కవరు చూసి కంగారుపడకు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఫోనుండగా కాగితమెందుకని నవ్వుతావని తెలుసు. మొన్న నీతో ఫోన్లో మాట్లాడితే మూడో మాటకే కొట్లాటలోకి దిగాం. పైగా నాది బటన్ల ఫోను, అవతలివాళ్ల గొంతు వీధి అరుగు దాకా వినిపిస్తుంది. మీ బావ పక్కగదిలో పంచాంగం ముందేసుకుని విననట్టు కూర్చుంటారు. అందుకని ఈ కంప్యూటరు సంగతులన్నీ ఇక కాగితం మీదే. గంగులు వ్యాను మంగళవారం, శుక్రవారం రాజాం నుంచి మా ఊరి కొట్లకి సరుకు తెస్తుంది కదా. నువ్వు సామాను పంపేటప్పుడు అందులో ఉత్తరం పడెయ్. అతను మధ్యాహ్నం తిరిగి వెళ్లేటప్పుడు నేను నాది ఇస్తాను.

నీకు తెలిసిందే అయినా మళ్లీ రాస్తాను. రాస్తే నాకూ తేటపడుతుంది. హిరమండలంలో నేను టైపు చేసిన జిరాక్సు షాపు ఎత్తేశాక ఇంట్లోనే ఉంటున్నాను. నువ్వు మాట్లాడిపెట్టిన రాజాం స్కూలువాళ్లు ఏడాది పొడవునా తెలుగు ప్రశ్నపత్రాలు ఇంటి దగ్గరే టైపు చేసి పంపమంటున్నారు. సొంత కంప్యూటరు ఉండాలి, జులై ఇరవై ఒకటికల్లా నమూనా పేపరు ఒకటి వాళ్ల చేతిలో పెట్టాలి. అది జరిగితే ఇక్కడే ఉంటాను. జరక్కపోతే నువ్వన్నట్టు మీ మేడమీది గదిలోకి వచ్చేసి, రాజాంలో ఏదో ఒక డీటీపీ షాపులో కూర్చుంటాను. ఇది బెదిరింపు కాదు, అలకా కాదు. అలిసిపోయాన్రా, అంతే.

ఈ నెలా వచ్చే నెలా గుళ్లో పూజ వంతు మీ బావది. కోడి కూయకముందే లేచి మడి కట్టుకుని నైవేద్యానికి వండాలి. ఆయన తీసుకెళ్తారు, గిన్నెలు తిరిగొస్తాయి, తోముతాను. మళ్లీ సాయంత్రానికి అదే. మా పిల్ల గౌతమి పెళ్లయి వెళ్లాక ఈ ఇంట్లో మాటలు కూడా దానితో పాటే అత్తారింటికి వెళ్లిపోయాయి. "అన్నం పెట్టు", "తలుపేశావా", ఇంతే. నాది అని చెప్పుకునే పని ఒకటి చేతిలో ఉంటే ఇదంతా ఎలాగో నెట్టుకొస్తాను. ఊరికే కూర్చుని మాత్రం నా వల్ల కాదు.

కంప్యూటరు కొంటున్నానని చెప్తే మీ బావ ఒక్కటే అన్నారు, "ఇంక నాలుగు రోజుల్లో ఆషాఢం వస్తాది. అది పోయాక మొదలెట్టరాదూ?" అని. ఆషాఢం పోయేసరికి స్కూలువాళ్ల గడువు కూడా పోతుందని చెప్పాను. పంచాంగం మూసేసి గుడికి వెళ్లిపోయారు. ఇష్టం లేకపోతే లేదని నోటితో చెప్పొచ్చు కదా, ఆ మాట ఒక నెల మీద పెట్టడమెందుకు?

ఆదివారం వచ్చి బిగిస్తానన్నావు. తప్పకుండా రా. పనసకాయ ఉంది, కూర వండుతాను. మరదలు తాయారుని అడిగానని చెప్పు.

మీ అక్క,
విశాలి

*

రాజాం,
27 జూన్ 2025

అక్కా,

పనసకాయ కూర నా నుదుట రాసిపెట్టి లేదు. ఈ ఆదివారం రాలేను, వచ్చే ఆదివారం కూడా రాలేను. మా కాలేజీకి అడ్మిషన్ల కాలం. కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాడినని పేరే గానీ ఈ నెలంతా నన్ను బైకెక్కించి ఊళ్ల మీదికి తోలుతున్నారు. ఇంటర్ పాసైన పిల్లల ఇళ్లకెళ్లి మా కాలేజీలో చేర్పించండి బాబూ అని బతిమాలాలి. నిన్న గజపతినగరం అవతల ఒక పెద్దాయన మజ్జిగిచ్చి, నేను చెప్పిందంతా తలూపుతూ విని, చివరికి "మావోడు ఇంటర్ తప్పిపోనాడు బాబూ" అన్నాడు. ఎండకి తిరిగి తిరిగి గుర్తు పట్టలేకుండా తయారయ్యానని నీ మరదలు అంటోంది.

కాబట్టి నువ్వే బిగించాలి. ముందే కేకలెయ్యకు, పూర్తిగా చదువు. రెడీమేడ్‌ది కొనేద్దామని మళ్లీ అనొద్దు. విడి ముక్కలు తెచ్చి బిగించుకుంటే ఏది పోతే అదే మార్చుకోవచ్చు. లాప్‌టాప్ అయితే రోజంతా ఆ చిన్న తెర మీద ఒత్తులూ గుడులూ వెతుక్కుని నీ కళ్లు పోతాయి. మా వీధి చివర ధనరాజ్ షాపులో అన్నీ తీసుకున్నాను. విండోస్, తెలుగు ఫాంట్లు కూడా అతని చేతే ఎక్కించాను. మంగళవారం గంగులు తెస్తాడు.

భయపడాల్సిందేమీ లేదు. వడియాలు పెట్టినంత ఓపిక ఉంటే చాలు, అది నీకుంది. ఏ ముక్క ముట్టుకునే ముందైనా ఇనప కిటికీ ఊచ ఒకసారి పట్టుకో. మన ఒంట్లో ఉండే కరెంటు తగిలితే ఆ సామాను పాడవుతుంది. ముందు మదర్‌బోర్డు తియ్యి, పెద్ద పలక అదే. దాని మధ్యన ఉన్న మూత ఎత్తితే చదరపు గూడు కనపడుతుంది. అందులో ప్రాసెసరు, అంటే ఆ చదరపు బిళ్ళ, పెట్టాలి. బిళ్ళ మూల ఒక చిన్న ముక్కోణం గుర్తుంది, గూడు మూలా ఉంది. రెండూ ఒక మూలకి తెచ్చి వదిలెయ్, నొక్కొద్దు. దాని నెత్తిన ట్యూబులో పంపిన తెల్ల పేస్టు బొట్టంత పెట్టి పైన ఫ్యాను బిగించు. వేడి పైకి లాగడానికి ఆ పేస్టు. తర్వాత ర్యామ్. అరచేయంత పొడుగు పలక, ఒక అంచున బంగారు రంగు పళ్లుంటాయి. ఆ అంచు కిందికి పెట్టి రెండు వైపులా టక్‌మనే దాకా నొక్కు. ఇక్కడ మాత్రం మొహమాటపడకు. ఆ పలకని క్యాబినెట్ డబ్బాలో బిగించాక మిగతా వైర్లు ఎక్కడివక్కడే పడతాయి, తప్పు చోట దూరవు. మానిటర్ వైరు డబ్బా వెనక పెట్టడం నీకొచ్చు.

బావగారి సంగతి నాకొదిలెయ్యి అందామంటే నువ్వు కోప్పడతావు. ఆయనకి గుడీ, గంధం సానా తప్ప మూడోది పట్టదని పెళ్లిచూపుల నాడే మన నాన్నకి అర్థమైంది. పైకి చెప్పలేదు, అంతే. గది మాత్రం నీ కోసం ఖాళీగానే ఉంది.

తమ్ముడు,
హరిచరణ్

*

శ్రీముఖలింగం,
2 జులై 2025

హరీ,

సామాను నిన్న దిగింది. గంగులు క్యాబినెట్ పెట్టె తలకెత్తుకుని వచ్చి, "ఏటమ్మా ఇది, ఇంతుంది గానీ బరువే నేదు, లోపల గాలెట్టి పంపినాడేటి మీ తమ్ముడు?" అన్నాడు. ఖాళీ డబ్బా అని చెప్తే ఇంకా ఆశ్చర్యపోయాడు.

గంగులు ఇటు వెళ్లాడో లేదో మీ బావ పసుపూ గంధం కలిపిన గిన్నె తెచ్చి ఆ కొత్త డబ్బా మీద బొట్టు పెట్టేశారు. ఈ ఇంట్లో ఏది దిగినా అంతే, ఫ్రిజ్జుకి పెట్టింది ఇప్పటికీ పోలేదు. నల్ల పెయింటు, ఇంకా ప్లాస్టిక్ కూడా పూర్తిగా తియ్యలేదు, మరకవుతుందని తడిగుడ్డతో తుడిచేశాను. ఆయన చూస్తూనే ఉన్నారు. గిన్నె పట్టుకుని దేవుడి గదిలోకి వెళ్లిపోయారు. అప్పటి నుంచి "అన్నం పెట్టు" కూడా లేదు, ఆయనే వడ్డించుకుంటున్నారు.

కొనే ముందు ఆషాఢమని అడ్డం పడ్డ మనిషి, కొన్నాక బొట్టు పెట్టడమేమిటో నాకు అర్థం కాలేదు. నాకు ఒంటి మీద తెలివున్నంత సేపూ ఈ ఇంట్లో మనుషుల మనసులు ఊహించుకోవడంతోనే సరిపోతోంది.

ఇవాళ కూర్చున్నాను. ఊచ పట్టుకున్నాను. పట్టుకుని ఎంతసేపు ఉండాలో నువ్వు రాయలేదు. ఎదురింటి ఆవిడ చూసి "కళ్లు తిరుగుతున్నాయా విశాలీ" అని మంచినీళ్లు పట్టుకొచ్చింది. ముక్కోణాలు కలిపాను, బిళ్ళ దానంతటదే కూర్చుంది. తెల్ల పేస్టు పెట్టి ఫ్యాను బిగించాను. ఆ ఫ్యాను కాళ్లు నొక్కుతుంటే పలక విరిగిపోతుందేమోనని పళ్లు కరుచుకున్నాను. మీ బావ అరుగు మీద అటు తిరిగి కూర్చున్నారు. ఒక్కసారి లోపలికొచ్చి ఏం చేస్తున్నావని అడగొచ్చు కదా. ఇంట్లో పిల్లి కూడా వచ్చి వాసన చూసింది.

ఆ పనయ్యేసరికి నడుం పట్టేసింది, కరెంటూ పోయింది. ర్యామ్ ప్యాకెట్ విప్పి చూసి బల్ల మీదే ఉంచాను. మిగతాది రేపు.

4 జులై. గంగులు తిరిగి వెళ్లే లోపు ఇంకో నాలుగు ముక్కలు. నిన్న అంతా బిగించాను. మబ్బుపట్టి గదిలో చీకటిగా ఉన్నా చేత్తో తడుముకుంటూ పెట్టేశాను. ర్యామ్ రెండు వైపులా టక్‌మంది, మొహమాటపడలేదు. వైర్లు దూరాయి. చివరికి బటన్ నొక్కాను. ఏమీ లేదు హరీ. లైటు లేదు, చప్పుడు లేదు. మళ్లీ మళ్లీ నొక్కాను. చచ్చిన పెట్టెలా కూర్చుంది. ఏం చెయ్యమంటావో రాయి. నాకు ఏడవడానికి కూడా ఓపిక లేదు, సాయంత్రం నైవేద్యానికి బియ్యం కడగాలి.

అక్క

*

రాజాం,
7 జులై 2025

అక్కా,

చచ్చిపోలేదు, నిద్రలో ఉంది. డబ్బా వెనక, కరెంటు వైరు దూర్చిన చోటుకి పక్కనే ఒక చిన్న స్విచ్చుంటుంది. అది వెయ్యలేదు నువ్వు. అది రాయడం నేనూ మర్చిపోయాను, కాబట్టి తిట్లు చెరి సగం.

ఆ స్విచ్చు వేస్తే ఫ్యాన్లు తిరగాలి. తిరిగి, తెర మాత్రం నల్లగా ఉండిపోతే ర్యామ్ సరిగ్గా కూర్చోలేదని అర్థం. తీసి మళ్లీ నొక్కి పెట్టు. అప్పటికీ రాకపోతే ఆ ర్యామ్ ముక్క గంగులు చేతికిచ్చి పంపు, ధనరాజ్ చేత మార్పించి వేరేది పంపుతాను. వారంటీ ఉంది.

బావగారి అలక గురించి రాశావు. నువ్వు తుడిచింది పసుపు గదా, ఆయన మొహం కాదు గదా. అంత దానికి అన్నం మీద అలగడమేంటి. నీకు ఈ పని దొరకడం ఆయనకి ఇష్టం లేదు, అదీ సంగతి. అక్కా, నేను పుల్లలు పెడుతున్నానని అనుకోకు. నువ్వు రాసేదే నేను తిరిగి చెప్తున్నాను.

ఇవాళ కూడా ఊళ్లు తిరిగాను. రాసే ఓపిక లేదు.

హరి

*

శ్రీముఖలింగం,
11 జులై 2025

హరీ,

స్విచ్చు దొరికింది. నొక్కగానే లోపల ఎర్రలైటు వెలిగి ఫ్యాన్లు తిరిగాయి. ఆ చప్పుడు విని నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను, నిజం. తర్వాత తెర వైపు చూశాను. నలుపు. సిగ్నల్ లేదని ఒక మాట వచ్చి అదీ పోయింది. ర్యామ్ తీసి మళ్లీ పెట్టాను. రెండో గూట్లో పెట్టాను. మళ్లీ మొదటి గూట్లో పెట్టాను. నలుపే.

ఈలోగా నిన్న సాయంత్రం ఉరుములు మొదలయ్యాయి. నేను ఇంకోసారి చూద్దామని బటన్ నొక్కి కూర్చున్నాను. మీ బావ గుడి నుంచి తడిసి వచ్చి, గుమ్మంలో కాళ్లయినా కడుక్కోకుండా, తిన్నగా బల్ల దగ్గరికెళ్లి ప్లగ్గు పీకేశారు. పీకేసి, వైరు చుట్టి కిటికీలో పెట్టి బట్టలు మార్చుకోవడానికి వెళ్లారు. నేను అలాగే కుర్చీలో ఉండిపోయాను. ఇరవై నాలుగేళ్లలో ఈ మనిషి నా మీద చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. కానీ ఆ ప్లగ్గు పీకడం మాత్రం చెయ్యెత్తినట్టే అనిపించింది.

ర్యామ్ ముక్క దూదిలో చుట్టి పంపుతున్నాను. మార్చి మంగళవారానికి పంపు. ఇంక పది రోజులే ఉంది. గది నిజంగానే ఖాళీగా ఉందా? తాయారుకి ఇబ్బంది కాదు కదా? ఊరికే అడుగుతున్నాను.

అక్క

*

రాజాం,
12 జులై 2025

అక్కా,

నిన్న ధనరాజ్ షాపులో నలుగురి మధ్య నా పరువు తీశావు. నేను వెళ్లి వారంటీ, గ్యారంటీ అని గట్టిగా మాట్లాడాను. అతను దూది విప్పి, ముక్కని లైటు కింద పెట్టి, నాకేసి చూశాడు. "ఇదేటి సార్, పచ్చగా ఎండిపోయి ఉన్నాది? పులిహోర చేత్తో ముట్టీసినారేటి? కంపెనీవోలు దీన్ని సూత్తే నా మొకాన కొడతారు. నేను మార్చను" అన్నాడు. షాపులో ఉన్నవాళ్లందరూ వచ్చి చూశారు. బంగారు పళ్ల మీద బారుగా పసుపు. అదీ ఇదీ ఒకటే రంగు కాబట్టి బిగించినప్పుడు నీకు కనపడి ఉండదు.

అంతగా చెప్పానే, జాగ్రత్తగా ముట్టుకోమని. ఊచ పట్టుకోమన్నాను గానీ చేతులు కడుక్కోమని కూడా రాయాలా? ప్రసాదాలు కలిపిన చేత్తో ఎవరైనా ర్యామ్ పట్టుకుంటారా? నెలంతా పరాయి గుమ్మాల్లో చేతులు కట్టుకుని నిలబడుతున్నాను, ఒక్క ఆ షాపులోనే నాకు కాస్త గౌరవం ఉండేది.

ముక్క వెనక్కి పంపుతున్నాను. "పెన్సిల్ రబ్బరెట్టి ఆ పళ్లు మెల్లగా రుద్దండి. వస్తే వస్తాది, నేకపోతే నేదు" అన్నాడు ధనరాజ్. నాకైతే నమ్మకం లేదు. కొత్తది కొందామంటే ఈ నెల నా జీతం ఇంకా పడలేదు.

కోపంలో రాశాను. అయినా చింపను.

హరి

*

శ్రీముఖలింగం,
15 జులై 2025

హరీ,

గంగులు బయట కొబ్బరికాయల బస్తాలు దింపుతున్నాడు, అతను వెళ్లే లోపే రాస్తున్నాను. నీ ఉత్తరం చదివాను. షాపులో నీకు అయిన అవమానానికి బాధపడ్డాను. కానీ నా చేతుల గురించి రాసిన మాటకి ఎక్కువ బాధపడ్డాను. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని కూర్చున్నదాన్ని. ఇరవై నాలుగేళ్లు మడి వంట చేసినదానికి చేతులు కడుక్కోవడం నువ్వు నేర్పిస్తావా?

కోపం కాసేపే. తర్వాత ఆ ముక్క కిటికీ దగ్గరికి తెచ్చి చూశాను. పులిహోర కాదురా. నూనె లేదు, వాసన చూస్తే గంధం. పసుపూ గంధం కలిపిన ముద్ద, ఉంగరం వేలితో ఒక్కో చోటా అద్దినట్టు వరసగా ఉంది. ఈ ఇంట్లో ఆ గిన్నె ఎవరి చేతిలో ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

ర్యామ్ బల్ల మీద విప్పి ఉంచి పడుకున్న రోజు గుర్తొచ్చింది. డబ్బా మీద బొట్టు తుడిచాననే కసి ఇలా తీర్చుకున్నారు. ప్లగ్గు పీకినప్పుడే నాకు తెలియాల్సింది. వద్దని చెప్పే ధైర్యం లేదు, చెడగొట్టే తీరిక మాత్రం ఉంది.

అడగమంటావు. అడగను. అడిగితే ఊరుకుంటారు, ఆ ఊరుకోవడాన్ని నేను మళ్లీ నాలుగు రోజులు విప్పుకుంటూ కూర్చోవాలి. నాకు ఇంక చాతకాదు. వంతు పూర్తవడానికి ఇంకా రోజులున్నాయి గానీ వంటకి వాళ్ల పినతండ్రి కోడలు వస్తుంది. శుక్రవారం గంగులు వ్యానులో వచ్చేస్తాను. బట్టలు, నా కళ్లద్దాలు, అంతే. ఆ కంప్యూటరు ఇక్కడే ఉండనీ, బొట్టు పెట్టుకోవడానికి బాగుంటుంది.

అక్క

*

రాజాం,
17 జులై 2025

అక్కా,

ముందు నీ కాళ్లకి దణ్ణం. చేతుల మాట అనకుండా ఉండాల్సింది.

నీ ఉత్తరం చదివి ఉండబట్టలేక ఇవాళ పొద్దున బావగారికి ఫోన్ చేశాను. చెయ్యొద్దని నువ్వు రాయలేదు కదా. ఆయనతో ఇంతవరకూ నేను గొంతు పెంచి మాట్లాడలేదు, ఆ బాకీ అంతా ఒక్కసారే తీర్చేశాను. మా అక్క మీకు వంటమనిషా అన్నాను. అది సొంతంగా ఒక పని చేసుకుంటుంటే ఆ సామాను మీద పసుపు పూసి పాడు చెయ్యడం ఏ ఆగమంలో ఉందండీ అన్నాను. ఆయన మొత్తం విన్నారు. ఫోను పెట్టేశారేమోనని రెండుసార్లు హలో అన్నాను. చివరికి ఏమన్నారో తెలుసా? "ఆ ముక్కకి బంగారం అంచుంది కదా హరీ" అన్నారు. తర్వాత, "అది పాడయిపోయిందేటి?" అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కి నేనే పెట్టేశాను. ఏమీ ఎరగనట్టు ఆ అడగడమేంటక్కా!

తాయారు గది కడిగి, మంచం ఎండలో వేసి తెచ్చింది. కిటికీకి కొత్త తెర కుట్టింది. నువ్వు శుక్రవారం వస్తావని గంగులుతో చెప్పాను, ముందు సీటు నీకే ఉంచుతాడు. ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా వచ్చెయ్. ఇంక నువ్వు రాయక్కర్లేదు, ఎదురుగానే మాట్లాడుకుందాం.

తమ్ముడు

*

శ్రీముఖలింగం,
18 జులై 2025

హరీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. గంగులు గుమ్మంలో నిలబడి, "పెట్టె ఏదమ్మా? ముందు సీటు తుడిసి ఉంచినాను" అంటున్నాడు. అతనికి మజ్జిగిచ్చి కూర్చోబెట్టి ఇది రాస్తున్నాను. నేను రావడం లేదు. కోప్పడకు, పూర్తిగా చదువు అని నువ్వే అంటావు కదా, అలా చదువు.

నువ్వు ఫోన్ చేసింది నేను దొడ్లో బట్టలు ఉతుకుతున్నప్పుడు. మీ బావ ఫోను చేత్తో పట్టుకునే దొడ్లోకి వచ్చి గట్టు మీద నిలబడ్డారు. నేను తలెత్తలేదు. "హరి తిట్టాడు" అన్నారు. మంచి పని చేశాడు అన్నాను. "అది నా వల్ల పాడయిందా?" అన్నారు. గొంతు ఎలా ఉందంటే, గౌతమికి చిన్నప్పుడు జ్వరమొస్తే డాక్టరుని అడిగిన గొంతది. అప్పుడు తలెత్తాను.

ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తాను, నా మాటలు కలపను. "నువ్వు ఆ సదరం బిళ్ళకి తెల్లది పెట్టి ఫ్యాను మూసినావు. అరుగు మీంచి సూశాను. ఓహో, ఈటికి కూడా పెడతారన్నమాట అనుకున్నాను. ఆ పొడుగు పలకకి మాత్రం ఎవలూ ఏటీ పెట్టలేదు. బల్ల మీద ఒట్టినే ఉన్నాది. బంగారం అంచు సూసి అదే దాని మొకం అనుకున్నాను. ఆషాఢంలో బిగిస్తన్నావు, ఏ ఆటంకం రాకూడదని పెట్టాను."

నాతో ఒక మాట చెప్పొచ్చు కదా అన్నాను. అరిచాను, నిజానికి. ఎదురింటి ఆవిడ బయటికొచ్చింది.

"సెప్తే తుడిచెస్తావు. డబ్బా మీద పెడితే తుడిచెసినావు కదా. అందుకే కనపడకుండా లోపలెట్టాను" అన్నారు.

నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. తడి బట్టల మీదే కూర్చుండిపోయాను. ప్లగ్గు ఎందుకు పీకారని అడిగాను. "పిడుగు పడితే పోతాది కదా. నువ్వు కళ్లు పోగొట్టుకుని బిగించినావు" అన్నారు. మరి ఆషాఢమని ఎందుకు అడ్డం పడ్డారంటే, అడ్డం పడలేదట. మంచి రోజు చూసి ఆయనే ముహూర్తం పెడదామనుకున్నారట. శ్రావణంలో శుక్రవారం ఒకటి పంచాంగంలో గుర్తు కూడా పెట్టారు, చూపించారు. అదీ నాతో చెప్పలేదు. ఈ మనిషి నాకు అడ్డం నిలబడ్డారని అనుకున్నాను హరీ. అడ్డం కాదు, పక్కనే నిలబడ్డారు. నోరు లేదు, అంతే. ఆ నోరు లేకపోవడం వల్ల నేను పడ్డదంతా ఉత్తదని మాత్రం అనుకోకు. అదంతా ఆయనకి నిన్న చెప్పాను. నీ గది సంగతి, గంగులు వ్యాను సంగతి కూడా చెప్పాను. విని, మధ్యాహ్నం అన్నం తినలేదు. ఈసారి అలిగి కాదు.

తర్వాత గౌతమి పాత జామెట్రీ బాక్సు వెతికి రబ్బరు తీసుకొచ్చారు. నేను రుద్దబోతే "ఇలా తే, గంధం ఎండితే ఎలా పోతాదో నాకు తెలుసు" అని ఆయనే పట్టుకున్నారు. కిటికీ దగ్గర పీట వేసుకుని, ఒక్కో పన్నూ, అటు రెండుసార్లు ఇటు రెండుసార్లు. మధ్యలో ఊచ పట్టుకోమన్నాను. ఎందుకని అడగకుండా పట్టుకున్నారు. గుడికి వేళవుతోందని నేనే గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

నేను పెట్టాను. టక్‌మంది. వెనక స్విచ్చు వేశాను. బటన్ నొక్కమని ఆయనకి చెప్పాను. వద్దు, నీదే కదా, నువ్వే నొక్కు అన్నారు. నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది, ఉంది, ఇంక కుర్చీలోంచి లేవబోతుంటే వెలిగింది.

సాయంత్రమే ఆరో తరగతి తెలుగు పేపరు టైపు చేశాను. ఆయన గుడి నుంచి వచ్చి వెనక నిలబడి ఒక్కో ప్రశ్నా పైకి చదివారు. చదివి ఊరుకోలేదు, జవాబులు కూడా చెప్పారు. వ్యాకరణంలో తప్పు చెప్తే నేను దిద్దాను, ఒప్పుకోలేదు, పుస్తకం తీసి వాదించారు. ఎన్నాళ్లకి విన్నానో ఈ ఇంట్లో అంత మాట! నమూనా పేపరు పెన్‌డ్రైవ్‌లో వేసి ఈ కవర్లోనే పెట్టాను. నా పెట్టె బదులు గంగులు ఇదే తెస్తాడు. సోమవారం స్కూల్లో నువ్వే ఇవ్వు. పని ఇస్తారో లేదో తెలీదు, ఇస్తే చేస్తాను.

తాయారుకి చెప్పు, కొత్త తెర కుట్టినందుకు నా మనసు ఎంత నిండిందో నేనే వచ్చి చెప్తాను. వచ్చినా రెండు రోజులు ఉండి వెళ్లడానికే. అలసట ఏమైనా తీరిందా అంటే తీరలేదు. పొద్దున్నే లేవాలి, వండాలి, తోమాలి, ఇప్పుడు పైగా టైపు. కాకపోతే ఇవాళ నైవేద్యం బియ్యం ఆయన కడిగిచ్చారు. నీళ్లు ఎక్కువ పోసి ముద్ద చేశారనుకో.

నీకు ఆయన మీద కోపం వెంటనే పోదని తెలుసు. పోనవసరం లేదు, నాకూ పూర్తిగా పోలేదు. ఒక్కసారి ఫోన్ చేసి, బాగైంది బావా అని చెప్పు చాలు. ఆయన ఏమీ అనరు. హలో అనకుండా కాసేపు ఆగు.

గంగులు హారన్ కొడుతున్నాడు. ఒక్కటి చెప్పి ఆపుతాను. నిన్న డబ్బా మూత బిగించాక గిన్నె నేనే తెచ్చి ఆయన చేతికిచ్చాను. ఈసారి బయట పెట్టించాను. ఇవాళ పొద్దున బల్లంతా తుడిచాను గానీ, ఆ బొట్టు దగ్గరికొచ్చేసరికి దాని చుట్టూ తుడిచాను.

మీ అక్క,
విశాలి